ఎముకను వెతుక్కునే మూలకం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నీటి చరిత్ర

గౌరీబిదనూరు ప్రాంతంలో క్రీ.శ. 1388 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర చక్రవర్తి హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి పాలిస్తున్న కాలమది. జీవులకు నీరే ప్రాణమని తలచి, పెన్నానదిని పెనుకొండకు రప్పించవలసిందిగా ఆయన జలసూత్ర నిపుణుడైన సింగాయభట్టును ఆజ్ఞాపించాడని ఆ శాసనం తెలుపుతుంది. సింగాయభట్టు సిరువేర చెరువు వరకు కాలువ నిర్మించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని నామకరణం చేశాడు.

ఆరు శతాబ్దాలు గడిచాక, 2016లో, అదే పెనుకొండ సమీపాన ఉన్న గొల్లపల్లి జలాశయానికి హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు చేరాయి. అప్పుడూ ఇప్పుడూ ఈ సీమ ప్రజలు కోరినది ఒక్కటే: నది నీరు. ఈ రెండు ఘట్టాల మధ్య, ముఖ్యంగా గడచిన అర్ధశతాబ్దంలో, ఇక్కడి పల్లెలు నదినీ చెరువునూ వదిలి భూమి లోతుల్లోని రాతినీటిని తాగాయి. ఆ నీటితోపాటు ఒక మూలకం మన పళ్లలోకి, ఎముకల్లోకి ప్రవేశించింది. దాని పేరు ఫ్లోరిన్.

ఫ్లోరైడ్ నీటి గురించి మీరు వినే ఉంటారు. దాని వల్ల పళ్లు గారపడతాయని, నడుము వంగిపోతుందని మనకు తెలుసు. అయితే నీటిలో కరిగి ఉండే పదార్థాలు అనేకం ఉండగా ఇదొక్కటే ఎముకను ఎందుకు వెతుక్కుంటుంది? కాచినా వడకట్టినా ఎందుకు పోదు? పటిక వేస్తే మాత్రం ఎందుకు తగ్గుతుంది? ఈ ప్రశ్నలన్నింటికీ సమాధానం రసాయన శాస్త్రంలోని ఒకే గుణంలో ఉంది. ఆ గుణాన్ని పాఠ్యపుస్తకాలు ఋణవిద్యుదాత్మకత అంటాయి. పదం కఠినమైనదే గాని భావం సులభమైనది.

ఎలక్ట్రాన్లను లాక్కొనే శక్తి

రెండు పరమాణువులు బంధం ఏర్పరచుకొన్నప్పుడు వాటి నడుమ ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కొనే సామర్థ్యమే ఒక పరమాణువు యొక్క ఋణవిద్యుదాత్మకత. ఈ ఆలోచనకు 19వ శతాబ్దం ఆరంభంలో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ రూపమిచ్చాడు. దానిని అంకెలలోకి తెచ్చినవాడు అమెరికా శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్. భిన్నమైన రెండు పరమాణువుల మధ్య బంధం, ఊహించినదానికంటే బలంగా ఉండటాన్ని ఆయన గమనించాడు. ఆ అదనపు బలాన్ని లెక్కగట్టి, 1932లో మూలకాలకు విలువలు నిర్ణయించాడు. రసాయన బంధాలపై చేసిన కృషికి 1954లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఆ కొలమానంలో సోడియం విలువ సుమారు 0.9, కాల్షియం 1.0, అల్యూమినియం 1.6; హైడ్రోజన్ 2.2, ఆక్సిజన్ 3.4. అన్నింటికంటే పైన, దాదాపు 4.0 విలువతో ఫ్లోరిన్ ఉంది. ఇది చాలా చిన్న పరమాణువు. వెలుపలి కక్ష్య నిండటానికి దానికి ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే తక్కువ. ఆ కక్ష్య కేంద్రకానికి దగ్గరగా ఉండటం వల్ల ఆకర్షణ తీవ్రంగా ఉంటుంది.

రెండు పరమాణువుల విలువలు సమానంగా ఉంటే ఎలక్ట్రాన్లను సమంగా పంచుకొంటాయి. అది సమయోజనీయ బంధం. తేడా కొంత ఉంటే పంపకం ఒక వైపు మొగ్గుతుంది. నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్‌ల నడుమ జరిగేది అదే. తేడా మరీ ఎక్కువైతే పంపకమే ఉండదు. ఒకటి ఎలక్ట్రాన్‌ను వదులుకొని ధన అయాన్ అవుతుంది, మరొకటి దానిని గ్రహించి ఋణ అయాన్ అవుతుంది. ఆ రెండింటి మధ్య ఆకర్షణే అయానిక బంధం. ఈ మూడింటి నడుమ హద్దులు ఉజ్జాయింపుగా గీసినవే. అయినా కాల్షియం, ఫ్లోరిన్‌ల విలువల మధ్య తేడా 3.0 అంటే సందేహానికి తావు లేదు. అది దృఢమైన అయానిక బంధం.

ఇక్కడొక విషయం స్పష్టం చేయాలి. మన బోరు నీటిలో ఉన్నది ఫ్లోరిన్ వాయువు కాదు. ఎలక్ట్రాన్‌ను ఎప్పుడో సంపాదించుకొని తృప్తి చెందిన ఫ్లోరైడ్ అయాన్ అది. దానికిక ఎలక్ట్రాన్ల మీద ఆశ లేదు. కాని అతి చిన్న దేహంలో ఋణావేశాన్ని మోస్తున్నది కనుక కాల్షియం, అల్యూమినియం వంటి ధన అయాన్లు కనబడితే గట్టిగా పట్టుకొంటుంది. మన ఆరోగ్యానికి సంబంధించిన కథంతా ఈ రెండో లక్షణం చుట్టూ తిరుగుతుంది.

రాతిలో దాగిన చరిత్ర

ఫ్లోరిన్‌ను విడిగా పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు ఒక శతాబ్దానికి పైగా శ్రమించారు. 1771లో షీలే అనే రసాయనవేత్త ఫ్లోర్‌స్పార్ ఖనిజం నుండి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని తయారుచేశాడు. ఆ ఆమ్లం నుండి మూలకాన్ని విడదీయబోయి ఎందరో గాయపడ్డారు. బెల్జియంకు చెందిన లూయె, ఫ్రాన్సుకు చెందిన నికిలెస్ ప్రాణాలే కోల్పోయారు. చివరకు 1886 జూన్‌లో పారిస్‌లో ఆన్రీ మోయిసాన్ విద్యుత్తు సహాయంతో దానిని వేరు చేశాడు. 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దేనినైనా పట్టుకొని వదలని మూలకాన్ని వదిలించడం అంత కష్టమైంది. ప్రకృతిలో అది ఒంటరిగా దొరకదు. ఎప్పుడూ ఏదో ఒక ఖనిజంలో బంధింపబడి ఉంటుంది.

అటువంటి ఖనిజాలు మన కాళ్ల కింద ఉన్నాయి. హిందూపురం నుండి ధర్మవరం వరకు నేల కింద ఉన్నది అతి ప్రాచీనమైన గ్రానైటు, నైస్ శిలల పీఠం. ఆ శిలల్లో నల్లని అభ్రకం, హార్న్‌బ్లెండ్, అపటైట్ అనే ఖనిజాలు ఉంటాయి. వాటి నిర్మాణంలో హైడ్రాక్సైడ్ అయాన్లు కూర్చోవలసిన స్థానాలు కొన్ని ఉంటాయి. ఫ్లోరైడ్ అయాన్‌కు హైడ్రాక్సైడ్‌తో సమానమైన ఆవేశం, దాదాపు సమానమైన పరిమాణం. అందుచేత శిల ఏర్పడినప్పుడే అది ఆ స్థానాలను ఆక్రమించింది.

ఈ మార్పిడిని గుర్తుంచుకోండి. మీ ఎముకలో ఉన్న ఖనిజం కూడా అపటైట్ కుటుంబానికి చెందినదే. రాతిలో కోట్ల సంవత్సరాల క్రితం జరిగిన మార్పిడే మన దేహంలోనూ జరుగుతుంది.

ఇక రాతిలోని ఫ్లోరైడ్ నీటిలోకి రావడానికి మూడు కారణాలు తోడవుతాయి. మొదటిది కాలం: రాతి పగుళ్లలో నీరు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ ఫ్లోరైడ్ కరుగుతుంది. రెండవది క్షారగుణం: నీరు క్షారంగా మారినప్పుడు దానిలోని హైడ్రాక్సైడ్ వెళ్లి ఖనిజంలో కూర్చొని ఫ్లోరైడ్‌ను బయటకు నెడుతుంది. మూడవది కాల్షియం లేమి: నీటిలో తగినంత కాల్షియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు చేరుస్తుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న చోట కాల్షియం ముందుగానే సున్నపు గడ్డలుగా నేలలో పేరుకుపోతుంది. నీటిలో సోడియం, బైకార్బనేట్ మిగులుతాయి. అటువంటి నీటిలో ఫ్లోరైడ్‌కు అడ్డు ఉండదు.

దేశంలోనే అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి అనంతపురం సీమ. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. శిల, కరువు, చౌడు మూడూ ఒకచోట కలిశాయి. సబ్బు బాగా నురగ వస్తున్నదని, నీరు మెత్తగా ఉన్నదని సంతోషించేవారు ఉన్నారు. కాల్షియం తక్కువగా ఉన్న ఆ మెత్తని నీటిలోనే ఫ్లోరైడ్ అధికంగా ఉండే అవకాశం ఉంది. రంగు, రుచి, వాసన దేనితోనూ దానిని కనిపెట్టలేము.

ఎముకలో జరిగేది

మీరు తాగిన నీటిలోని ఫ్లోరైడ్ జీర్ణకోశంలోని ఆమ్లాన్ని కలిసినప్పుడు హైడ్రోజన్‌తో జతకట్టి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఇలా జతకట్టదు. హైడ్రోజన్, ఫ్లోరిన్‌ల బంధం ఎంతో బలమైనది కనుక ఆ అణువు విడిపోకుండా, ఆవేశం లేకుండా, పొర దాటి త్వరగా రక్తంలో చేరుతుంది. అక్కడ మళ్లీ ఫ్లోరైడ్ అయాన్‌గా మారి కాల్షియం ఉన్న చోటికి ప్రయాణిస్తుంది. శరీరంలో మిగిలే ఫ్లోరైడ్‌లో సుమారు 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. కొంత భాగాన్ని మూత్రపిండాలు విసర్జిస్తాయి. పెరిగే పిల్లల ఎముకలు పెద్దలకంటే ఎక్కువ భాగాన్ని నిలుపుకొంటాయి. మూత్రపిండాలు బలహీనపడినవారిలోనూ అది ఎక్కువగా నిలుస్తుంది.

ఎముక, పంటి ఎనామెల్ ప్రధానంగా హైడ్రాక్సీ అపటైట్‌తో నిర్మితమైనవి. ఫ్లోరైడ్ దానిలోని హైడ్రాక్సైడ్‌ను తొలగించి తాను కూర్చొంటే ఫ్లోరాపటైట్ తయారవుతుంది. ఇది మరింత బిగువైన స్ఫటికం. ఆమ్లానికి త్వరగా కరగదు. స్వల్ప పరిమాణంలో ఫ్లోరైడ్ దంతక్షయాన్ని అడ్డుకోవడానికి కారణం ఇదే. ఆ బంధం ఇచ్చే మేలు, కీడు రెండూ ఒకే మూలం నుండి వస్తాయి. వాటిని వేరు చేసేది పరిమాణమే.

పరిమాణం మించితే, పళ్లు రూపొందుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, ఎనామెల్ సరిగా గట్టిపడదు. తెల్లని గీతలు, ఆ తరువాత పసుపు, గోధుమ మచ్చలు, తీవ్రమైతే గుంటలు కనిపిస్తాయి. దశాబ్దాల తరబడి తాగితే ఎముకలు దట్టమవుతాయి, స్నాయువులలో కాల్షియం పేరుకుంటుంది, వెన్నెముక బిగుసుకుంటుంది. రోగి వంగలేడు, గొంతుకూర్చోలేడు, తల తిప్పడానికి మొత్తం దేహాన్ని తిప్పవలసి వస్తుంది. ఇలా ఒకసారి ఏర్పడిన మార్పును వెనక్కు మళ్లించే మందు లేదు.

వ్యాధిని గుర్తించిన క్రమం

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో స్థిరపడిన ఫ్రెడరిక్ మెక్‌కే అనే దంతవైద్యుడు అక్కడివారి పళ్లపై గోధుమ మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. కారణం నీటిలో ఉన్నదని అనుమానించాడు గాని నిరూపించడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయనవేత్త ఆ నీటిలో అధిక ఫ్లోరైడ్‌ను గుర్తించాడు.

ఆ తరువాతి ముఖ్య అధ్యాయం తెలుగునేల మీదే మొదలైంది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్య పరిశోధకులు మద్రాసు ప్రెసిడెన్సీలో, నాటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో నీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన రోగుల వివరాలను ప్రచురించారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల పేర్లు అప్పటి నుండి వైద్య గ్రంథాల్లో నిలిచిపోయాయి. వీరిలో షార్ట్, తరువాత 1948లో మలేరియా క్రిమి కాలేయంలో దాగే దశను కనుగొన్న బృందంలో ప్రముఖుడు. 1955లో నల్లగొండ జిల్లా రోగుల గురించి సిద్దిఖీ రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అదే ప్రాంతపు యువకుల్లో మోకాళ్లు లోపలికి ఒరిగిపోయే రూపాన్ని వర్ణించారు.

ఈ చరిత్రలో ఒక ధోరణి కనబడుతుంది. వ్యాధి ఎప్పుడూ ఊళ్లో ముందుంది, పేరు తరువాత వచ్చింది. ముసలితనమని, వాతమని, పూర్వజన్మ కర్మమని జనం సరిపెట్టుకొన్న బాధకు కారణం బిందెలో ఉన్నదని తెలియడానికి తరాలు పట్టింది.

చెరువు నుండి బోరుకు, బోరు నుండి మళ్లీ నదికి

మన మూడు పట్టణాల విషయానికి వద్దాం. పెన్నానది నందికొండల్లో పుట్టి హిందూపురం ప్రాంతంలో ఆంధ్రదేశంలో ప్రవేశిస్తుంది. ధర్మవరం పక్కన చిత్రావతి పారుతుంది. ధర్మవరం పెద్ద చెరువు పూర్వకాలం నుండి ఆ నది మీదే ఆధారపడింది. చెరువు నీరు, చెరువు కింద ఊరే నిస్సారపు బావి నీరు ప్రధానంగా వాననీరే. రాతితో దానికి దీర్ఘకాల సహవాసం లేదు. ఆ నీటితో అంటువ్యాధుల భయం ఉండేది గాని ఫ్లోరైడ్ భయం తక్కువ.

1970ల తరువాత బోరు యంత్రాలు వచ్చాయి. కలరా, విరేచనాల నుండి బోరు నీరు ఎందరినో కాపాడిందనేది కాదనలేని సత్యం. కాని చెరువులు పూడి, నదులు ఎండి, బావులు ఇంకిన కొద్దీ బోర్ల లోతు పెరిగింది. లోతు పెరిగిన కొద్దీ రాతితో ఎక్కువ కాలం సావాసం చేసిన నీరు పైకి వచ్చింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో పలు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో 1.0 మిల్లీగ్రామ్ వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకని పక్షంలో 1.5 వరకు అనుమతి. మండే ఎండలో పొలం పనిచేసేవారు రోజుకు ఎన్నో లీటర్లు తాగుతారు. వారికి ఆ హద్దు కూడా పెద్దదే.

దీనికి పరిష్కారంగా నది నీటిని మళ్లీ రప్పించే ప్రయత్నాలు జరిగాయి. 1994లో ప్రకటించి మరుసటి సంవత్సరం నుండి అమలుచేసిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీరందించింది. 1999లో తపాలా శాఖ దాని పేరిట స్మారక బిళ్ల విడుదల చేసింది. పెన్నహోబిలం జలాశయం నుండి శ్రీరామరెడ్డి పథకం హిందూపురం వైపు నీటిని తెచ్చింది. ఆపై శ్రీశైలం నీరు హంద్రీ-నీవా ద్వారా గొల్లపల్లి చేరింది. సింగాయభట్టుకు ఫ్లోరైడ్ పేరు తెలియదు. కాని ఆయన ఎంచుకొన్న మార్గమే, అంటే ఉపరితలపు నీటిని ఊరికి తేవడమే, నేటికీ వైద్యశాస్త్రం మెచ్చే మొదటి పరిష్కారం.

ఫ్లోరైడ్‌ను విడిపించే ఉపాయాలు

నది నీరు అందని చోట ఏమి చేయాలి? ఇక్కడ మళ్లీ బంధాల లెక్క అవసరమవుతుంది. కాచడం వల్ల ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీరు తగ్గి దాని సాంద్రత పెరుగుతుంది. ఇసుక వడపోత, క్లోరిన్, అతినీలలోహిత కిరణాల యంత్రం సూక్ష్మక్రిముల మీద పనిచేస్తాయి గాని ఈ అయాన్‌ను తాకవు. నీటి నుండి దానిని లాగాలంటే దానిని అంతకంటే గట్టిగా పట్టుకొనే మరొక అయాన్ కావాలి. మూడు ధనావేశాలు గల చిన్న అల్యూమినియం అయాన్ అటువంటిది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి లెక్క ప్రకారం కలుపుతారు. పటికలోని అల్యూమినియం మెత్తని తెట్టుగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు చేరుతుంది. ఉత్తేజిత అల్యూమినా వడపోతలోనూ అదే సూత్రం ఉంది. ఇంట్లో అంచనా మీద పటిక వేయడం మాత్రం సరికాదు. మోతాదు తప్పితే అల్యూమినియమే నీటిలో మిగులుతుంది. ఆర్.ఓ. యంత్రం పొర సహాయంతో ఫ్లోరైడ్‌లో అధిక భాగాన్ని తొలగిస్తుంది, దానితోపాటు కాల్షియాన్ని కూడా తొలగిస్తుంది.

ఆహారం విషయంలో ఈ సీమకు ఒక వరం ఉంది: రాగి సంగటి. వంద గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. భోజనంతో వచ్చిన కాల్షియం పేగులోనే ఫ్లోరైడ్‌ను పట్టుకొంటే, రక్తంలో చేరే భాగం తగ్గుతుంది. పాలు, పెరుగు, మునగాకు కూడా మేలు చేస్తాయి. బియ్యానికి అలవాటుపడి రాగిని వదిలిన ఇళ్లు దీనిని ఆలోచించాలి. ఇది రక్షణలో ఒక భాగం మాత్రమే. చెడ్డ నీటికి సంగటి విరుగుడు కాదు. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో నింపుకొంటుంది కనుక, బోరు నీటితో రోజంతా చిక్కని టీ తాగే అలవాటును తగ్గించుకోండి.

చివరగా ఒక హెచ్చరిక. పైపులో నది నీరు వస్తున్న ఊళ్లలో కూడా మోటారు చెడినప్పుడు, పైపు పగిలినప్పుడు, వేసవిలో జలాశయం అడుగంటినప్పుడు జనం పాత బోరు దగ్గరకే తిరిగి వెళ్తారు. పెద్దలకు అవి కొన్ని నెలల ఇబ్బంది. ఆ నెలల్లో ఎనామెల్ రూపొందుతున్న పసివాడి పంటి మీద మాత్రం మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. కనుక మీ ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఉంటే, గర్భిణి ఉంటే, మూత్రపిండాల రోగి ఉంటే, మీరు అత్యవసరానికి వాడే బోరు నీటిని కూడా శుభ్రమైన సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి చేయిస్తే మరీ మంచిది. వచ్చిన అంకెను ఆ బోరు దిమ్మె మీద అందరికీ కనబడేలా రాయించండి. 1.5 దాటితే ఆ నీరు బట్టలకు, పశువుల కొట్టం కడగడానికి వాడుకోవచ్చు. వంటకు, తాగడానికి మాత్రం వద్దు.